నేనొచ్చినా ఇడ్సిపెట్టొద్దు

ఒక రైలును, ఒక పైలట్‌ను, సొంత అక్క ఉద్యోగాన్ని ఒకే పూటలో ఆపేసిన మొనగాడు ఎవడైనా ఉంటాడా అని మీకెప్పుడైనా సందేహం వస్తే ఇక వెతకనక్కర్లేదు. వాడు నేనే. ఇది చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఇన్నేళ్లుగా తిడుతూనే ఉన్నారు. మీ తిట్లలో కొత్తది ఏమైనా ఉంటే చెప్పండి, వాళ్లకు అందిస్తాను.

పాలకుర్తి దగ్గర మా తండా. ఇంట్లో మా లంబాడా భాష, గడప దాటితే తెలుగు. అమ్మను మేం యాడి అంటాం. మీకు ఇబ్బంది లేకుండా మా ఇంటి మాటలు కూడా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. మా అక్క శారద చదువులో చిచ్చరపిడుగు. సర్కారు సాయంతో పైలట్ శిక్షణకు ఎంపికైంది. లైసెన్సు పట్టుకొని తండాకు వచ్చిన రోజు డప్పులు మోగించి, ట్రాక్టర్ మీద ఊరేగించాం. ఆ తర్వాత రెండేళ్లు లైసెన్సు ఇనప పెట్టెలో ఉంది, అక్క పత్తి చేలో ఉంది.

ఆ రెండేళ్లూ పేపర్లు ఏం రాశాయో తెలుసా? చిన్న చిన్న విమాన కంపెనీలకు పైలట్లు దొరకడం లేదట! విమానాలున్నాయట, ఎక్కే జనం ఉన్నారట, నడిపే మనిషి లేక విమానాలు పార్కు చేసి పెట్టారట! ఆ వార్త చదివినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నడిపే మనిషి మా ఇంట్లో పత్తి ఏరుతోంది కదరా, కళ్లు కనిపించడం లేదా అని పేపరు మీదే అరిచేవాణ్ణి. దారిన పోయే ప్రతివాడూ "ఏం బిడ్డా, ఇంకా ఎగుర్తలేవా?" అని అక్కను అడిగేవాడు. అక్క నవ్వేసి ఊరుకునేది. నేను మాత్రం వాళ్లతో కొట్లాటకు పోయేవాణ్ణి.

చివరికి, రెండే రెండు విమానాలున్న ఒక బుల్లి కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఫలానా రోజు మధ్యాహ్నం రెండింటికి హైదరాబాద్ ఆఫీసుకు వస్తే కెప్టెన్ సార్ పరీక్ష చేస్తారు, నచ్చితే అక్కడికక్కడే ఉద్యోగం అన్నారు. రోజు మార్చడం కుదరదని కూడా చెప్పారు. కొత్తవాళ్లను పరీక్షించే కెప్టెన్ ఆ కంపెనీ మొత్తంలో ఒక్కడే. ఆయనకు తీరిక ఉన్నది ఆ ఒక్క పూటే.

సరిగ్గా అదే రోజున మాకు రైల్‌రోకో, రాస్తారోకో.

అవి తెలంగాణ ఉద్యమం భగభగ మండుతున్న రోజులు. నేను జనగామలో డిగ్రీ చదువుతూ, అంటే చదవకుండా, విద్యార్థి నాయకుడిగా వెలుగుతున్నాను. నోరు తెరిస్తే మంటలే. అలాంటివాణ్ణి అక్క సంగతి ఆలోచించకుండా ఉంటానా? ముందు రోజే ఆమెను బస్సెక్కించి, హైదరాబాద్‌లో మా మేనత్త ఇంటికి పంపేశాను. "రేపు ఈగను గూడ కదలనియ్యం అక్కా, అందుకే ఇయ్యాల్నే పో" అన్నాను. నా ముందుచూపుకు నేనే మురిసిపోయి, బస్టాండులోనే రెండు మిర్చి బజ్జీలు తిన్నాను.

ఆ రాత్రి మీటింగులో నేను చేసిన ప్రసంగం గురించి చెప్పాలి. అంతకు ముందటి బంద్‌లో మా పరువు పోయింది. జనమంతా ఎండలో రోడ్డు మీద కూర్చుంటే, ప్రతి నాయకుడూ ఫోన్ చేసి "మా బామ్మర్ది కారొస్తున్నది, జర పోనియ్యండి" అనేవాడు. బామ్మర్దులు చేతులూపుతూ పోయారు, పేదోళ్ల ఆటోలు మాత్రం ఆగాయి. ఆ మంటతో మైకు అందుకున్నాను.

"రేపు అంబులెన్సు ఒక్కటే పోవాలె! ఎమ్మెల్యే ఫోన్ జేసినా నై, వాని బామ్మర్ది కారొచ్చినా నై! ఎవ్వలికి ఎంత పని ఉన్నా నై! ఆఖరికి నేనొచ్చి, మీ కాళ్లు మొక్కి, కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నా సరే, నేనొచ్చినా ఇడ్సిపెట్టొద్దు!"

చప్పట్లు మోగిపోయాయి. ముందు వరసలో మా తండా ఆడవాళ్లతో కూర్చున్న మా యాడి అందరికన్నా గట్టిగా కొట్టింది. హైదరాబాద్ రోడ్డు మీద అడ్డం కూర్చునే పని వాళ్లకే అప్పగించాను. మా యాడికి ఒక గుణం ఉంది. ఆమె బడికి పోలేదు కాబట్టి ఏదీ రాసుకోదు. రాసుకోదు కాబట్టి ఏదీ మర్చిపోదు.

నా తెలివి అంతటితో ఆగలేదు. రైల్‌రోకో పదకొండింటికి అని అందరికీ ప్రకటించి, తొమ్మిదింటికే పట్టాల మీద కూర్చోవాలని రహస్యంగా పథకం వేశాను. పదకొండు అంటే రైల్వేవాళ్లు రైళ్లను ముందే ఆపుకుంటారు, అప్పుడు ఖాళీ పట్టాల మీద కూర్చొని మేం ఎవరికి అడ్డం? అందుకని తొమ్మిదింటికే కూర్చున్నాం. విజయవాడ నుంచి సికింద్రాబాద్ పోయే రైలొకటి చక్కగా వచ్చి జనగామలో మాకు చిక్కింది. పట్టాల మధ్యే రాళ్ల పొయ్యి పెట్టి కిచిడీకి ఎసరు పెట్టాం. టీవీవాళ్లు వచ్చారు. నా జన్మ ధన్యమైంది.

అప్పుడే నా సెల్లు మోగింది. ఎవరి ఫోనో అడుక్కొని యాడి చేసింది.

"లచ్చిరాం, ఈడ ఒక పిల్ల ఆటోల వచ్చింది. భువనగిరి దవాఖానల నర్సు నౌకరికి ఇంటర్వ్యూ ఉన్నదట. ఏడుస్తున్నది. పోనియ్యాల్నా?"

"రాత్రి నేనేం జెప్పిన యాడీ?"

"ఎవ్వలొచ్చినా ఇడ్సిపెట్టొద్దన్నవ్."

"మరింక అడుగుడెందుకు? ఎవల పరీక్షలు వాళ్లకు ఉంటనే ఉంటయి. అందరూ త్యాగం జెయ్యాలె!"

ఫోన్ పెట్టేసి, ఎంత గట్టివాణ్ణో అని మీసం మెలేశాను. మెలేసేంత మీసం అప్పటికి లేదు, అది వేరే విషయం. ఆ పిల్లను మాత్రం గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

పదిన్నర అయ్యేసరికి రైల్లోంచి ఒక పెద్దమనిషి దిగాడు. తెల్ల చొక్కా, చిన్న నల్ల పెట్టె, చెదరని క్రాపు. నేరుగా కిచిడీ దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడ లీడర్ ఎవరండీ?"

"నేనే. ఏంది?"

"నేను రెండింటికల్లా హైదరాబాద్‌లో ఉండాలండీ. ఏదైనా బండి దొరికే మార్గం ఉందా?"

ఆ 'అండీ' వినగానే నాకు పూనకం వచ్చింది. మా మాటను సినిమాల్లో వెక్కిరించిన కోపమంతా ఆయన ఒక్కడి మీదికి మళ్లింది. "మేం ఎన్నేండ్ల సంది ఆగినం? నువ్వు ఒక్క పూట ఆగలేవా?"

"కోప్పడకండి బాబూ. నేను పైలట్‌ని..."

జనమంతా గొల్లున నవ్వారు. కిచిడీ కలుపుతున్న మా యాకయ్య, అంటే నా కుడిభుజం, గరిటె పైకెత్తాడు. "రైలెక్కిన పైలట్‌ను ఇప్పుడే సూస్తున్న! ఇమానం పంచరైందా సార్?"

"విమానానికి ఏమీ కాలేదండీ" అన్నాడాయన చాలా ఓపిగ్గా. "వారానికి ఇన్ని గంటలే నడపాలని మాకు రూలు. నిన్న విజయవాడలో దిగేసరికి ఈ వారం నా గంటలు అయిపోయాయి. తిరిగి తెచ్చేందుకు మా కంపెనీలో ఇంకో పైలట్ లేడు. అందుకని విమానం అక్కడే ఉంది, నేను రైల్లో వచ్చాను."

"పైలట్ లేడా?"

"లేడండీ. చాలా కొరతగా ఉంది."

కొరత! ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. రెండేళ్లుగా పేపరు మీద అరిచిన నాకు మొదటిసారి ఒక మనిషి దొరికాడు. పొయ్యి పక్కనున్న బియ్యం బస్తా ఎక్కి నిలబడ్డాను. టీవీ కెమెరా నా వైపు తిరిగింది.

"కొరతనా? ఎవలికి జెప్తున్నవ్ సార్ కొరత? మా అక్క పైలట్! లైసెన్సు ఉన్నది! రెండేండ్ల సంది పత్తి ఏరుతున్నది! మీరేమో మనుషులు లేరని పేపర్ల ఏడుస్తరు. మనుషులు లేక గాదు, మా అసొంటోళ్లు మీ కంటికి ఆనక! తండా పిల్ల ఇమానం నడిపితే మీ ఇమానం మైలపడ్తదా? నువ్వు ఇయ్యాల ఏడికీ పోవు. ఈడ్నే కూసో, ఉల్లిగడ్డలు కొయ్యి, మా కిచిడీ తిను. నువ్వు లేకుంటే ఏమన్న ఆగుతదా?"

"ఆగుతుందండీ" అన్నాడాయన నెమ్మదిగా. "అక్కడ ఒకమ్మాయి నా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మీ అక్కగారి పేరేంటి?"

"శారద!"

"పాలకుర్తి దగ్గర తండానా అండీ?"

నేను బియ్యం బస్తా మీద ఉన్నానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మెల్లగా దిగాను. "మీకెట్ల ఎరుక సార్?"

ఆయన పెట్టె తెరిచి ఒక కాగితం చూపించాడు. దాని మీద మా అక్క ఫోటో ఉంది. నాలుగు నెలల కింద జనగామ స్టూడియోలో నేనే దగ్గరుండి తీయించిన ఫోటో. "ఇవాళ రెండింటికి నేను పరీక్ష చేయాల్సింది ఈ అమ్మాయినేనండీ."

పిలవండి భూకంపాన్ని! పగలండి పట్టాల్లారా! ఏదీ పగల్లేదు. కిచిడీ మాత్రం బుడబుడ ఉడుకుతోంది. యాకయ్య నా వైపు చూసి, గరిటె కింద పెట్టి, "సార్‌కు జర మంచినీళ్లు ఇయ్యండిరా" అన్నాడు.

టైము పదకొండు దాటింది. హైదరాబాద్‌కు మోటార్ సైకిల్ మీద రెండు గంటలు. ఇంకా మించిపోలేదు. ముందు రైలునే వదిలిద్దామని నోటికి చేతులడ్డం పెట్టి అరిచాను. "తమ్ముళ్లూ, ఇగ సాలు! రైలును పోనిద్దం!"

ఎవడో పట్టాల మీంచి లేచి, "అన్న మనలను పరీక్ష పెడ్తున్నడురా!" అన్నాడు. అంతే, మూడు వందల గొంతులు ఒక్కసారి లేచాయి. "నేనొచ్చినా ఇడ్సిపెట్టొద్దు! నేనొచ్చినా ఇడ్సిపెట్టొద్దు!" రాత్రికి రాత్రి నా ప్రసంగం నినాదమైపోయింది. నేను ఎంత వద్దంటే వాళ్లు అంత గట్టిగా కూర్చున్నారు. కొందరైతే నా నటనను మెచ్చుకొని చప్పట్లు కొట్టారు.

యాకయ్య మోటార్ సైకిల్ లాక్కున్నాను. కెప్టెన్ సార్‌ను వెనక కూర్చోబెట్టుకొని హైదరాబాద్ రోడ్డు పట్టాను. ఊరు దాటామో లేదో, రోడ్డుకు అడ్డంగా మా తండా ఆడవాళ్లంతా కూర్చొని ఉన్నారు. నడిమధ్యలో యాడి. ఆమెను చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కన్నతల్లి కదా.

"యాడీ, జరుగుండ్రి, జల్ది!"

యాడి కదల్లేదు. "ఎటు పోతున్నవ్?"

"హైదరాబాద్! ఈ సారే అక్కకు పరీక్ష పెట్టే కెప్టెన్. రెండింటికి ఆడ లేకుంటే అక్క నౌకరి పోతది!"

యాడి సార్‌ను కింది నుంచి మీది దాకా చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వదిలేస్తుందనుకొని బండి గేరు వేశాను.

"పొద్దున ఒక పిల్ల ఏడ్సింది" అంది యాడి. "నా కాళ్లు వట్టుకున్నది. నిన్నడిగితే ఏమన్నవ్? ఎవల పరీక్షలు వాళ్లకు ఉంటయన్నవ్. ఆ పిల్లను ఎనుకకు తోలిన. అదీ ఒక తల్లి బిడ్డనే గదరా? ఇప్పుడు నా బిడ్డ పరీక్ష అని జరగాల్నా? రేపు ఆ పిల్ల కండ్లవడితే నా మొకం ఏడ వెట్టుకోవాలె?"

"యాడీ, నీ కాళ్లు మొక్కుత!"

"మొక్కుతవని గూడ రాత్రి నువ్వే జెప్పినవ్."

నిజంగానే మొక్కాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఆడవాళ్లంతా ప్రసంగాన్ని వరసగా గుర్తుచేసుకుంటూ తలలూపారు. నేను చెప్పిందంతా చెప్పిన వరసలోనే జరుగుతోంది మరి.

ఇక పక్కనున్న పొలం ఒడ్డు మీంచి పోనిద్దామని బండి దించాను. నాలుగు గజాలు పోయాం. ఐదో గజంలో ఒడ్డు విరిగి, బండీ నేనూ సారూ కలిసి దమ్ము చేసిన మడిలో పడ్డాం. మోకాళ్ల దాకా బురద. తెల్ల చొక్కా ఇక ఏ రంగని చెప్పలేను. సార్ కళ్లద్దాలు తుడుచుకొని, "ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటి ల్యాండింగ్ చూడలేదండీ" అన్నాడు. బండి స్టార్ట్ కాలేదు. పన్నెండున్నర అయింది.

గట్టు మీద నిలబడి ఆయనే అక్కకు ఫోన్ చేశాడు. జరిగిందంతా మర్యాదగా చెప్పి, "మీ తమ్ముడితో మాట్లాడతారా?" అని నాకిచ్చాడు. అక్క ఒకే ఒక్క మాట అంది.

"నన్ను ఒక దినం ముందుగాల బస్సెక్కిచ్చినవ్. నన్ను పరీక్ష జేసేటాయినను గూడ ఎక్కిస్తే అయిపోవు గదరా."

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆరు నెలలు నాతో మాట్లాడలేదు.

యాడి సార్‌కు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, రోడ్డు మీదే కూర్చోబెట్టి, జొన్నరొట్టె, మిరపకారం పెట్టింది. తింటూ ఆయన నాకు అసలు సంగతి చెప్పాడు. "మీ కోపం అబద్ధం కాదండీ. మాకు కొరత ఎడమ కుర్చీకి. అంటే కెప్టెన్‌కి. కుడి కుర్చీలో కూర్చోవడానికి లైసెన్సు ఉన్న పిల్లలు దేశమంతా ఉన్నారు. కానీ వాళ్ల పక్కన కూర్చొని నేర్పించి, కెప్టెన్లను చేసేవాళ్లు ఏరీ? ఉన్న నాలాంటివాళ్లను పెద్ద కంపెనీలు లాక్కుపోతాయి. చిన్న కంపెనీ నేర్పించదు, పెద్ద కంపెనీ నేర్చినవాళ్లనే తీసుకుంటుంది. మధ్యలో మీ అక్క పత్తి ఏరుతుంది."

ఇప్పుడు చెప్పండి, ఒళ్లు మండదా? విమానాలు కొనడానికి ముందు వాటిని నడిపే పిల్లల్ని తయారు చేసుకోవాలన్న బుద్ధి ఒక్కడికీ లేదు! నాగలి కొనేటప్పుడు మా తండాలో పసిపిల్లవాడైనా ఎద్దు ఉందా అని అడుగుతాడు. ఇంకా మండే సంగతి వినండి. ఆ సార్‌ను ఆ మరుసటి నెలలోనే ఏదో పెద్ద కంపెనీ లాక్కుపోయింది. బుల్లి కంపెనీ రెండు విమానాలూ రెక్కలు ముడుచుకున్నాయి. పైలట్ల కొరత వల్ల మూత అని పేపర్లో రాశారు. మా అక్కకు మళ్లీ పరీక్షే పెట్టలేదు. ఆ ఒక్క పూట నేను రైలు ఆపకపోతే కనీసం కుడి కుర్చీలో నాలుగు వారాలైనా కూర్చునేది. ఆ నాలుగు వారాల అనుభవం లేక, పైలట్ లైసెన్సు ఉన్న మా అక్క నాలుగేళ్లు ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో కూర్చొని, జనం సూట్‌కేసులకు చీటీలు అంటించింది. అందులో సగం పాపం వాళ్లది, సగం నాది. నా సగం నేను ఒప్పుకుంటున్నాను. వాళ్ల సగం ఇంతవరకు ఎవడూ ఒప్పుకోలేదు.

రాష్ట్రం వచ్చింది. అక్కకు కుడి కుర్చీ వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు ఎడమ కుర్చీ కూడా వచ్చింది. ఇప్పుడామె కెప్టెన్ శారద. నేను భూపాలపల్లి పక్కన చెల్పూర్‌లో పవర్ ప్లాంటులో పని చేస్తున్నాను.

మొన్నామధ్య అక్క ఫోన్ చేసింది. "యాడిని, నిన్ను నా ఇమానంల తిరుపతి తీస్కపోత. టైముకు రా" అంది. యాడి తెలివైంది, ఒక రోజు ముందే హైదరాబాద్ పోయి మేనత్త ఇంట్లో దిగింది. నేను ఆ రోజు పొద్దున్నే చెల్పూర్‌లో బయలుదేరాను. రేగొండ దగ్గర రోడ్డు నిండా జనం. వడ్లు కొనడం లేదని రైతులు ధర్నా చేస్తున్నారు. దిగి, వాళ్ల నాయకుడి దగ్గరికి పోయాను. ఇరవై ఏళ్లుంటాయేమో. మీసం లేదు.

"తమ్మీ, నాకు ఇమానం ఉన్నది, జర..."

"అంబులెన్సు ఒక్కటే పోతది అన్నా. ఎవ్వలొచ్చినా ఇడ్సిపెట్టం."

పోయి వాళ్ల పక్కనే కూర్చున్నాను. వాళ్ల కోపం న్యాయమైనదే, పైగా ఆ డైలాగ్ నాదే.

ఎయిర్‌పోర్టులో గేటు దగ్గరికి పరిగెత్తేసరికి తలుపు అప్పుడే మూస్తున్నారు. "ఆగమ్మా! కెప్టెన్ మా అక్క!" అని అరిచాను.

అక్కడున్న అమ్మాయి చిరునవ్వుతో, "తెలుసు సార్. బోర్డింగ్ అయిపోయింది" అని తలుపు మూసేసింది.

ఫోన్ మోగింది. యాడి. విమానంలో మొదటి వరసలో కిటికీ పక్కన కూర్చొని చేస్తోంది.

"యాడీ, అక్కకు చెప్పు! రెండే రెండు నిమిషాలు!"

"అక్క ఆగుదమనే అన్నదిరా, పాపం. ఆ తలుపుకాడి పిల్లకు నేనే జెప్పిన."

"ఏమని?"

"ఆ దినం నర్సు పిల్లకు ఆగలే, మా శారదకు ఆగలే. గిప్పుడు నా కొడుకొచ్చినా ఇడ్సిపెట్టొద్దని జెప్పిన."

అద్దంలోంచి చూస్తుండగానే విమానం మెల్లగా వెనక్కి జరిగి, తిరిగి, వెళ్లిపోయింది. ఎడమ కుర్చీలో అక్క. కిటికీలో యాడి. టైముకు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకుండా లేచింది. నేను గేటు దగ్గర కుర్చీలో కూర్చొని, యాడి కోసం తెచ్చిన సకినాలు ఒక్కణ్ణే తిన్నాను.

కాబట్టి సకల జనులకూ తెలియజేయునది ఏమనగా, లచ్చిరాం అనే నేను ఇకమీదట కూడా ధర్నాల్లో కూర్చుంటాను. కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. కానీ దారి ఆపినప్పుడు ఆగినవాళ్ల పేరేంటి, ఊరేంటి, ఎవరి కోసం పోతున్నారని ఒక్కసారి అడుగుతాను. ఇక 'నేనొచ్చినా ఇడ్సిపెట్టొద్దు' అనే మాటను ఈ జన్మలో నోటితో అనను. మా యాడి ముందు వరసలో కూర్చున్న మీటింగులో అయితే అసలు నోరే తెరవను.